చెయ్యి తిరగని చిత్రకారుడు

బోర్డులు రాసే మా పనిలో ఒకడిని మెచ్చుకోవాలంటే ‘వాడికి చెయ్యి తిరిగిందిరా’ అంటాం. అంతకు మించిన సర్టిఫికెట్ మాకు లేదు. నాకు 1986లో తిరిగింది. అప్పటికి నెల్లూరులో మా గురువుగారి దగ్గర రెండేళ్ళు బ్రష్షులు కడిగాను. రేకులకు రెడాక్సైడ్ కొట్టాను, లప్పం పెట్టి ఉప్పుకాగితంతో రుద్దాను, చాక్‌పీసు పొడి రాసిన దారం కొస పట్టుకుని నిలబడ్డాను. ఒకరోజు ట్రంకు రోడ్డులో బట్టలషాపు బోర్డు మీద ఆయన ‘శ్రీ’ ఒక్కటి రాసి, టీ తాగొస్తానని నిచ్చెన దిగి, బ్రష్షు నా చేతికిచ్చారు. మిగతా అక్షరాలన్నీ నేనే రాశాను. ఆయన తిరిగొచ్చి, రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూసి, ‘తిరిగిందబ్బా నీకు’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరవాత ఇరవై ఏళ్ళు ఆ చెయ్యే అన్నం పెట్టింది. షాపు బోర్డులు, లారీల వెనక రాతలు, ఎన్నికలొస్తే గోడలు, సినిమా హాళ్ళ ముందు కటౌట్లు. అరచేతిలో పట్టే ఫొటో మీద గళ్ళు గీసుకుని దాన్ని ముప్పై అడుగుల మనిషిని చేసేవాళ్ళం. జ్యూస్ షాపు గోడ మీద నారింజపండు నాకు ఐదు నిమిషాల పని. గుండ్రంగా ఒక గీత, లోపల పసుపు, దాని మీద నారింజరంగు, ఒక పక్కన బ్రౌన్ షేడు, పైన చిటికెడు తెలుపు. ఆ తెల్లచుక్క పడగానే పండు గోడలోంచి లేచొచ్చేది. అట్లాంటివి ఎన్ని వందలు వేశానో లెక్కలేదు. ఏ ఒక్కటి వేసేటప్పుడూ ఎదురుగా నిజం పండు పెట్టుకోలేదు. పెట్టుకోవాలని కూడా తోచలేదు.

ఎందుకు తోచలేదో తెలుసుకోవడానికి నాకు ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. తెలియజెప్పినవాడు మా జిల్లావాడు కాదు, మన దేశంవాడూ కాదు. పాల్ సెజాన్ అని, ఫ్రాన్స్ దక్షిణాన ఎక్స్ అనే ఊళ్ళో 1839లో పుట్టి, 1906లో ఆ ఊళ్ళోనే పోయిన చిత్రకారుడు. ఆయనకు జీవితాంతం చెయ్యి తిరగలేదు. అందువల్లే ఆయన చూడగలిగాడని నేను నమ్ముతున్నాను. చెయ్యి తిరిగినవాడు చూడడం మానేస్తాడు. ఇది నా మీద నేను రుజువు చేసుకున్న మాట.

2005 ప్రాంతంలో ఫ్లెక్సులు వచ్చాయి. రెండు మూడేళ్ళలో మా అందరి పనీ పోయింది. నేను ఉదయగిరి పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చేశాను. ఇంకొన్నేళ్ళకు చెన్నైలో మా బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడు, పాత పుస్తకాల అంగట్లో బొమ్మల పుస్తకం ఒకటి కనిపించింది. అట్ట చిరిగి ఉంది, నూట యాభై రూపాయలు చెప్పాడు. అందులో ఒక కొండ బొమ్మ ఉంది కాబట్టి కొన్నాను. ఆ కొండ వాలు మా ఉదయగిరి దుర్గం కొండ వాలులా అనిపించింది, అంతే.

రైల్లో వస్తూ పేజీలు తిప్పుతుంటే నాకు నిజంగా చిరాకేసింది. ఒక బల్ల ఉంది. బల్ల మీద గుడ్డ. గుడ్డకు ఎడమవైపున్న బల్ల అంచు, కుడివైపున్న బల్ల అంచు ఒక గీతలో లేవు. సీసా ఒక పక్కకు ఒరిగింది. పళ్ళెం ముందుభాగం పైనుంచి చూసినట్టు, వెనకభాగం పక్కనుంచి చూసినట్టు ఉంది. యాపిల్ పండ్లకు గీత ఒకటి కాదు, రెండు మూడు ఉన్నాయి, అదీ ముక్కలు ముక్కలుగా. మా గురువుగారి దగ్గర ఇట్లా వేస్తే టిన్నర్ గుడ్డతో తుడిపించి మళ్ళీ వేయించేవారు. గూడూరు దాటేలోపు ఆ తప్పులన్నీ మనసులోనే సరిదిద్దేశాను. ఒక్కో బొమ్మకు ఒక నిమిషం పట్టింది. అంత తొందరగా సరిదిద్దగలిగానే, మరి అంత పేరున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? ఆ ప్రశ్న మాత్రం ఇంటిదాకా వచ్చింది.

ఆయన కథ చదివితే సగం మన ఊళ్ళ కథే. తండ్రి టోపీల వ్యాపారం చేసి, సంపాదించి, బ్యాంకు పెట్టిన మనిషి. కొడుకు లాయరు కావాలనుకున్నాడు. కొడుకు కొన్నాళ్ళు లా చదివాడు, మానేశాడు. 1861లో పారిస్ వెళ్ళాడు. అక్కడి పిల్లల చేతి పనితనం చూసి బెదిరిపోయి కొన్ని నెలలకే తిరిగొచ్చి తండ్రి బ్యాంకులో కూచున్నాడు. మరుసటేడు మళ్ళీ వెళ్ళాడు. ప్రభుత్వ చిత్రకళాశాల వాళ్ళు చేర్చుకోలేదు. సలోన్ అనే పెద్ద ప్రదర్శనకు ఏళ్ళ తరబడి బొమ్మలు పంపితే అన్నీ తిరిగొచ్చాయి. 1882లో ఒక్కసారి తీసుకున్నారు. అదీ ఎట్లాగంటే, జ్యూరీలో ఉన్న గియెమే అనే స్నేహితుడు ‘నా శిష్యుడు’ అని రాయించి లోపలికి పంపాడు. అప్పటికి సెజాన్‌కు నలభై మూడేళ్ళు. నలభై మూడేళ్ళవాడిని శిష్యుడని రాస్తేగానీ బొమ్మ గోడెక్కలేదు.

ఖర్చులకు తండ్రే డబ్బు పంపేవాడు. ఒర్తాన్స్ అనే అమ్మాయితో కాపురం ఉంది, 1872లో కొడుకు పుట్టాడు. ఆ సంగతి తండ్రికి తెలిస్తే డబ్బు ఆగిపోతుందని ఏళ్ళ తరబడి దాచాడు. తండ్రి ఏమో కొడుక్కి వచ్చిన ఉత్తరాలు విప్పి చదివేవాడు. ఆ టెన్షన్‌లో ఎన్ని రోజులు బ్రష్షు పట్టుకున్నాడో పాపం. చివరికి 1886 ఏప్రిల్‌లో ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు అక్టోబర్‌లోనే తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది. ఇక బొమ్మ అమ్మాల్సిన అవసరం లేదు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాకు ఆ ఆస్తి లేదు. రేపటి బియ్యానికి బోర్డు రాయాల్సినవాడికి, ఒక పండు ముందు నెల రోజులు కూచునే తీరిక ఎక్కడినుంచి వస్తుంది? ఆ తేడాను దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. కానీ డబ్బున్న కొడుకులు ఆ ఊళ్ళో చాలామందే ఉండి ఉంటారు. వాళ్ళు ఆ నెల రోజులు పండు ముందు కూచోలేదు.

ఆయన్ని మొదట కూచోబెట్టినవాడు పిసారో అనే చిత్రకారుడు. సెజాన్ కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. 1872 తరవాత ఇద్దరూ పారిస్ బయట పొంత్వాజ్, ఓవేర్ పల్లెల్లో పక్కపక్కన ఈజిల్ పెట్టుకుని ఎండలో పనిచేశారు. అంతకుముందు సెజాన్ నల్లటి రంగును కత్తితో మందంగా మెత్తేవాడు, మనసులో ఉన్న కోపమంతా కాన్వాసు గుడ్డ మీద పారబోసేవాడు. పిసారో దగ్గర రంగు తేలికపడింది, చూపు నిలిచింది. పిసారో వేసిన ఒక ఊరి బొమ్మను అరువు తెచ్చుకుని, ముప్పై మూడేళ్ళ వయసులో బడిపిల్లాడిలా దాన్ని చూసి వేశాడు. ఆ వినయానికి నేను చేతులెత్తి దండం పెడతాను. 1874లో మోనే, రెన్వార్, దెగా, పిసారో లాంటి చిత్రకారులతో కలిసి ప్రదర్శన పెట్టినప్పుడు జనం అందరినీ వెక్కిరించారు, ఈయన్ని ఇంకాస్త ఎక్కువ వెక్కిరించారు. ఈయన మూట సర్దుకుని మెల్లగా సొంత ఊరికి జరిగాడు.

నా బుర్రను తిప్పిన సంగతి మాత్రం 1899 నాటిది. వొల్లార్ అని పారిస్‌లో బొమ్మల వ్యాపారి. సెజాన్‌కు మొదటిసారిగా సొంత ప్రదర్శన పెట్టింది అతనే, 1895లో, సెజాన్‌కు యాభై ఆరేళ్ళప్పుడు. అతని బొమ్మ వేస్తానని సెజాన్ కూచోబెట్టాడు. పెట్టె మీద కుర్చీ. పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండున్నర దాకా. కదలకూడదు. ఒకసారి వొల్లార్ నిద్రలో తూలి కిందపడ్డాడట. ‘యాపిల్ కదులుతుందా?’ అని సెజాన్ కేకలేశాడని వొల్లారే రాసుకున్నాడు. అట్లా నూట పదిహేను సార్లు కూచున్నాడు. నూట పదిహేను! మేము ఒక హీరో కటౌట్ మూడు రాత్రుల్లో దించేవాళ్ళం. అన్నిసార్లు కూచున్నాక కూడా బొమ్మ పూర్తికాలేదు. చొక్కా ముందుభాగం పరవాలేదన్నాడట సెజాన్, అంతే.

ఆ బొమ్మలో వొల్లార్ చేతుల మీద రెండు చిన్న చోట్ల రంగు పడలేదు, ఖాళీ గుడ్డ కనిపిస్తుంది. వొల్లార్ ఆ సంగతి అడిగాడు. సెజాన్ చెప్పిన జవాబు సారాంశం ఇది: మ్యూజియంలో నా పని బాగా సాగితే రేపు ఆ చోటికి సరైన రంగు దొరకొచ్చు. ఏదో ఒకటి వేసేశాననుకో, ఆ చోటునుంచి మొదలుపెట్టి బొమ్మంతా మళ్ళీ వేసుకోవాలి.

ఇది చదివిన రోజు నేను అన్నం తినేటప్పుడు కూడా ఆ రెండు చుక్కల గురించే ఆలోచించాను. నా బ్రష్షుకైతే ఆ రెండు చోట్లు రెండు సెకన్ల పని. చర్మపు రంగు డబ్బాలో కలిపి ఉంటుంది, పక్కన ఎట్లాగూ అదే రంగుంది, పూసేస్తే సరి. నా చెయ్యి అట్లా పూసేసిన చోట్లు నా జీవితంలో ఎన్ని వేలు? నాకు తెలియని ప్రతిచోటా నా చెయ్యి తెలిసినట్టు నటించింది. అది ఎంత బాగా నటించిందంటే, నాకు తెలియదన్న సంగతే నాకు తెలియలేదు. సెజాన్ చేతికి ఆ నటన రాదు. రాదు కాబట్టే ప్రతి చుక్క దగ్గరా ఆగి ఎదుటిదాన్ని మళ్ళీ చూడాల్సి వచ్చింది. బల్ల అంచు రెండు పక్కలా కలవకపోవడం తప్పెట్లా అవుతుంది? ఎడమవైపు చూసినప్పుడు అది అక్కడుంది, తల తిప్పి కుడివైపు చూసినప్పుడు ఇక్కడుంది. రెండూ ఆయన చూశాడు. చూసిన రెండింటినీ అట్లాగే ఉంచాడు. స్కేలు పెట్టి కలిపేసినవాళ్ళం మేము.

మరునాడు నేను ఇత్తడి పళ్ళెంలో ఒక నిమ్మకాయ పెట్టుకుని కూచున్నాను. మా వైపు నిమ్మకాయకు కొదవేముంది, గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి లారీలకు లారీలు పోతాయి. బోర్డు మీద నా నిమ్మకాయ ఎప్పుడూ లెమన్ ఎల్లో, అంచుకు కాస్త ఆకుపచ్చ, తెల్లచుక్క. ఎదురుగా ఉన్న కాయ అట్లా లేదు. తొడిమ చుట్టూ ఒక బూడిదరంగు వలయం ఉంది. వెలుతురు పడే వైపు పసుపు దాదాపు తెల్లగా ఉంది, కానీ చుక్కలా లేదు, తొక్క మీది గుంటల్లో చెదిరిపోయి ఉంది. కింది భాగంలో ఇత్తడి రంగు పైకి ఎక్కి కాయ రంగూ పళ్ళెం రంగూ ఎక్కడ విడిపోతున్నాయో తెలియలేదు. అంచు గీత ఎక్కడా లేదు. నేను ఇన్నేళ్ళు వేసిన గీత ఆ కాయకు లేనేలేదు. గంటసేపు చూసి, బ్రష్షు ముంచకుండానే లేచాను. అప్పుడు అర్థమైంది సెజాన్ యాపిల్‌కు మూడు గీతలు ఎందుకున్నాయో. ఒక్క గీత గీస్తే అబద్ధమవుతుందని ఆయనకు భయం. ఆయన పండ్లు కుళ్ళిపోయేదాకా చూసేవాడట, పువ్వులు వాడిపోతాయని కాగితప్పువ్వులు పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆ మాటలు నాకు వింతగా లేవు.

ఇక కొండ. ఎక్స్ ఊరి పక్కన సాంత్ విక్త్వార్ అనే సున్నపురాతి కొండ ఉంది. ఎత్తు 1,011 మీటర్లు. మా ఉదయగిరి దుర్గం 3,079 అడుగులు. అంటే రెండూ దాదాపు ఈడూజోడూ. తన కొండను సెజాన్ నూనెరంగుల్లోనే ముప్పైకి పైగా వేశాడు, నీటిరంగుల్లో ఇంకా వేశాడు. మొదట్లో వేసినవాటిల్లో చెట్టుంది, పొలాలున్నాయి, లోయ మీద కొత్తగా కట్టిన రైలువంతెన ఉంది. 1902లో ఊరి బయట ఎత్తున స్టూడియో కట్టుకున్నాక వేసినవాటిల్లో కొండ, కింద మైదానం, పైన ఆకాశం అన్నీ ఒకే రకం రంగు ముక్కలు. ఆకుపచ్చ ముక్క ఆకాశంలోనూ ఉంటుంది, నీలం ముక్క పొలంలోనూ ఉంటుంది. మధ్యలో ఖాళీలు. దూరంగా జరిగి చూస్తే కొండ గట్టిగా, బరువుగా, కదలకుండా నిలబడుతుంది. దగ్గరికి వెళ్తే కొండ లేదు. ఇది గారడీ అని అన్నవాళ్ళున్నారు. నేనైతే ఇంత నిజాయితీ ఉన్న పని చూడలేదు. ఒక్కో ముక్క ఆయన ఒక్కోసారి నిజంగా చూసినంత మేరే ఉంది. చూడనిచోట ఏమీ లేదు.

చనిపోవడానికి కొన్ని వారాల ముందు, 1906 సెప్టెంబరులో కొడుక్కి ఉత్తరం రాశాడు. నది ఒడ్డున కూచుంటే వేయదగ్గవి పుట్టలుపుట్టలుగా కనిపిస్తున్నాయి, ఉన్నచోటినుంచి లేవకుండా కాస్త కుడికి, కాస్త ఎడమకు వంగి చూస్తే చాలు, నెలల తరబడి పని ఉంటుంది అని. అరవై ఏడేళ్ళు, షుగరు జబ్బు. అక్టోబరు 15న బయట బొమ్మ వేస్తుంటే గాలివాన పట్టుకుంది. తడిసి కూలబడినవాడిని చాకలిబండి మీద ఇంటికి తెచ్చారు. మరునాడే లేచి మళ్ళీ పని దగ్గరికి వెళ్ళాడు. 22న పోయాడు. తాను బతికుండగా సెజాన్ బొమ్మను లోపలికి రానివ్వనని అన్నాడట ఆ ఊరి మ్యూజియం అధికారి. తరవాతి తరం పెద్ద చిత్రకారుడు పికాసో మాత్రం 1958లో ఆ కొండ కిందనే ఒక పాత కోట కొనుక్కుని, చివరికి అక్కడే సమాధి అయ్యాడు.

మా దుర్గం ముందు పద్దెనిమిది నెలలు దండు దించి కూచుంటేగానీ గజపతుల చేతిలోంచి అది కృష్ణదేవరాయలకు రాలేదు. ఇక్కడినుంచి ఆయన తీసుకెళ్ళిన బాలకృష్ణుడి విగ్రహం హంపీలో గుడి కట్టించుకుంది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ చరిత్ర మా వాళ్ళందరికీ నోటికొచ్చు. కానీ కొండ ఏ రంగులో ఉంటుందని అడిగితే అందరూ ‘ఆకుపచ్చ’ అంటారు. నేనూ అట్లాగే అనేవాడిని.

ఇప్పుడు చెప్పక తప్పని తప్పు ఒకటి. చాలా ఏళ్ళ కిందట, ఒక బడిలో ఆగస్టు 15కి బొమ్మల పోటీ పెట్టి నన్ను జడ్జిగా పిలిచారు. అంశం ‘మా ఊరు’. నలభై మంది దాకా పిల్లలు. కిటికీలోంచి దుర్గం నిండుగా కనిపిస్తోంది. నలభై కాగితాల మీదా ఒకటే బొమ్మ: రెండు త్రిభుజాల కొండలు, మధ్యలో సూర్యుడు, మెలికలు తిరిగే నది, గుడిసె, కొబ్బరిచెట్టు. మా దగ్గర ఆ ఆకారంలో కొండ లేదు, అట్లాంటి నదీ లేదు. ఒక పిల్ల మాత్రం కిటికీ పక్కన కూచుని కిటికీలోంచి చూస్తూ వేసింది. పైన ఒకచోట సాపుగా, ఒకచోట నిలువుగా తెగిన బండలా, చెరిపి చెరిపి కాగితం చిరిగిపోయింది. రంగు వేసే టైము చాల్లేదు. సగం కొండే ఉంది. నేను ఫస్ట్ ప్రైజ్ త్రిభుజాలకు ఇచ్చాను. లైన్లు నీట్‌గా ఉన్నాయని, చెయ్యి తిరుగుతోందని మైకులో కూడా చెప్పాను. ఆ పిల్ల కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకోవడం చూశాను. ఆ చిరిగిన కాగితమొక్కటే ఆ గదిలో నిజంగా ఒకరు చూసి వేసిన బొమ్మ. దాన్ని గుర్తుపట్టే కళ్ళు అప్పటికి నాకు లేవు.

అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను. ‘మావాడికి బొమ్మలు రావండీ, చెయ్యి తిరగదు’ అని తల్లిదండ్రులు చెప్పడం మానాలి. ఫోన్‌లో బొమ్మ చూసి అచ్చుగుద్దినట్టు దించే పిల్లవాడిని మెచ్చుకున్నంతగా, గీత తడబడుతూ చెట్టుకేసి పదిసార్లు చూసే పిల్లవాడిని మెచ్చుకోవాలి. తడబాటు చూపుకు గుర్తు. గీత వణికినచోట పిల్లవాడు ఏదో చూశాడు, చూసినదానికి అతని దగ్గర రెడీమేడ్ గీత లేదు.

మా పాత స్నేహితుడొకడు ఈ మాటకు ఒప్పుకోడు. ‘మరి మన గురువుగారు రాసిన అక్షరం ఏందిరా, చూపు లేకుండా వచ్చిందా?’ అని నిలదీస్తాడు. సరైన ప్రశ్నే. ఆయన ‘ఱ’ రాస్తే వంద గజాల దూరంనుంచి బస్సులో పోయేవాడికి కూడా సున్నాలు రెండూ విడివిడిగా కనిపించేవి. అక్షరానికి చెయ్యి తిరగాల్సిందే. అక్షరం ఇవాళా రేపూ ఒకటే. నిమ్మకాయ ఇవాళా రేపూ ఒకటి కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ళ చేతులు మా అందరికంటే తిరిగిన చేతులు. దుర్గం అడవి చెక్కతో తరాలుగా చేస్తున్నారు. కానీ వాళ్ళు ప్రతి ముక్కనూ వెలుతురుకు పెట్టి, తిప్పి, ముడి ఎక్కడుంది, నార ఎటు పోతోంది అని చూశాకే ఉలి పెడతారు. చూడకపోతే చెక్క చీలిపోతుంది. ప్రైమర్ కొట్టిన రేకులో ముడి ఉండదు, ఏది పూసినా ఊరుకుంటుంది. మమ్మల్ని చూడనక్కర్లేనివాళ్ళను చేసింది ఆ రేకే అనిపిస్తుంది నాకు. స్నేహితుడు ఇంకా ఒప్పుకోలేదు. పరవాలేదు, మళ్ళీ కలిసినప్పుడు మాట్లాడుకుంటాం.

రెండేళ్ళుగా ఆదివారం పొద్దున మా అరుగు మీద వీధిలో పిల్లలు నలుగురైదుగురు కూచుంటున్నారు. ఫీజు లేదు. మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో ఒక కాయ. గంటసేపు ఒకే కాయ. మొదటి పావుగంట పెన్సిల్ ముట్టుకోకూడదన్నదొక్కటే నియమం. చాలామంది రెండు వారాలకు విసుగుపుట్టి మానేస్తారు, నేనేమీ అనుకోను. మొన్న ఆదివారం నిమ్మకాయే పెట్టాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు చూసి, ‘తాతా, కాయ నీడలో పసుపు ఉంది’ అంది. నీడలో పసుపేందమ్మా, బూడిదరంగు కదా అన్నాను. ‘లేదు తాతా, ఉంది’ అని మొండికేసింది. నాకు కనపడలేదు. లేచి వెళ్ళి, ఆ పిల్ల కూచున్నచోట, ఆ పిల్ల అంత ఎత్తుకు తల వంచి కూచుని చూశాను. ఉంది.